గీత గీయలేని వాస్తుశిల్పి: బౌహౌస్ నిర్మాత వాల్టర్ గ్రోపియస్

వంచిన ఉక్కు గొట్టాల మీద బట్టనో, తోలునో, ప్లాస్టిక్ అల్లికనో బిగించిన కుర్చీ మనందరికీ పరిచితమే. ప్రభుత్వ కార్యాలయాల్లో, ఆస్పత్రుల వరండాల్లో, గ్రంథాలయాల్లో అది దశాబ్దాలుగా కనిపిస్తూనే ఉంది. ఆ తరహా కుర్చీకి తొలి రూపాల్లో ఒకటి 1925లో జర్మనీలోని డెసావ్ పట్టణంలో మార్సెల్ బ్రాయర్ అనే యువ అధ్యాపకుడి చేతిలో తయారైంది. ఆయన చదివిన, బోధించిన విద్యాలయం పేరు బౌహౌస్. 1919 నుంచి 1933 వరకు, అంటే 14 ఏళ్లు మాత్రమే అది నడిచింది. అంత తక్కువ కాలంలోనే మూడు పట్టణాలు మారింది, ముగ్గురు సంచాలకులను చూసింది, రాజకీయ ఒత్తిళ్ల వల్ల మూడుచోట్లా మూతపడింది. అయినా ఇరవయ్యో శతాబ్దపు ఇల్లు, కుర్చీ, దీపం, అచ్చు అక్షరం ఎలా ఉండాలో నిర్ణయించిన సంస్థల్లో దానితో పోల్చదగినవి చాలా తక్కువ.

ఆ విద్యాలయాన్ని స్థాపించిన వాల్టర్ గ్రోపియస్‌కు ఒక విచిత్రమైన లోపం ఉండేది. వాస్తుశిల్పి అయి ఉండి కూడా ఆయన తన చేత్తో నమూనా గీయలేకపోయేవారు. ఆయన జీవితంలోని గొప్పతనాన్నీ, అందులోని కొన్ని మచ్చలనూ అర్థం చేసుకోవడానికి ఈ లోపమే మంచి ఆధారం.

1883 మే 18న బెర్లిన్‌లో ఆయన జన్మించారు. తండ్రి భవన నిర్మాణ శాఖలో ప్రభుత్వ అధికారి. వంశంలోని పెద్దల్లో ఒకరైన మార్టిన్ గ్రోపియస్ బెర్లిన్‌లో పేరుపొందిన వాస్తుశిల్పి. ఆ వారసత్వంతో మ్యూనిక్‌లోనూ, బెర్లిన్‌లోనూ వాస్తుశిల్పం చదవడం మొదలుపెట్టిన యువకుడికి పెన్సిల్ పట్టగానే చేయి బిగుసుకుపోయేది. ఎంత సాధన చేసినా మార్పు రాలేదు. ఈ బాధను తల్లికి రాసిన లేఖల్లో దాచుకోలేదు. చివరికి జీతమిచ్చి ఒక చిత్తుపటాల సహాయకుడిని నియమించుకున్నారు. పట్టా తీసుకోకుండానే చదువు వదిలేసి స్పెయిన్‌లో కొంతకాలం తిరిగి వచ్చారు. గీయలేని మనిషి ఇంకొకరి చేతి మీద ఆధారపడక తప్పదు. గ్రోపియస్ ఆ అవసరాన్నే క్రమంగా ఒక సిద్ధాంతంగా మలచుకున్నారు. మంచి కట్టడం ఒక్క మేధావి సొత్తు కాదని, ఎందరో కలిసి చేసే పని అని ఆయన జీవితాంతం వాదించారు.

1908లో ఆయన బెర్లిన్‌లో పీటర్ బెహ్రెన్స్ కార్యాలయంలో చేరారు. బెహ్రెన్స్ అప్పట్లో ఏఈజీ అనే విద్యుత్ పరికరాల సంస్థకు కర్మాగారం మొదలుకొని కెటిల్, దీపం, ప్రకటనలోని అక్షరం దాకా అన్నింటికీ రూపకల్పన చేస్తున్నారు. తర్వాతి కాలంలో జగత్ప్రసిద్ధులైన మీస్ వాన్ డెర్ రో, లె కార్బూజియే కూడా ఆ కార్యాలయంలో పనిచేసినవారే. వస్తువుకూ భవనానికీ మధ్య గోడ లేదన్న పాఠం గ్రోపియస్ అక్కడే నేర్చారు. ఇంటి భాగాలను కర్మాగారంలో తయారుచేసి, నిర్మాణ స్థలంలో అమర్చితే సామాన్యుడికి చవకగా ఇల్లు దక్కుతుందని 1910లోనే ఆ సంస్థ యాజమాన్యానికి ఒక ప్రతిపాదన రాసి ఇచ్చారు.

అదే ఏడాది సొంత కార్యాలయం తెరిచారు. చేయి ఆడోల్ఫ్ మేయర్‌ది, మాట గ్రోపియస్‌ది. ఆల్ఫెల్డ్ పట్టణంలో బూట్లు కుట్టడానికి వాడే అచ్చులు తయారుచేసే ఫాగుస్ కర్మాగారం వారి తొలి పెద్ద పని. భవన ప్రణాళిక అప్పటికే వేరొక వాస్తుశిల్పి సిద్ధం చేసి ఉంచారు. వీరికి దక్కింది ప్రధానంగా బయటి రూపమే. ఆ రూపంలోనే వారు కొత్త దారి చూపారు. బరువు మోసే గోడ స్థానంలో పలుచని గాజు తెర వచ్చింది. భవనం మూలల్లో స్తంభం లేకుండా గాజుకు గాజు ఆనించి వదిలారు. 1911లో మొదలైన ఈ కట్టడాన్ని సరిగ్గా వందేళ్ల తర్వాత, 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఆ రోజుల్లోనే ఆయన వ్యక్తిగత జీవితం పత్రికల కథలా సాగింది. 1910 వేసవిలో సంగీత స్వరకర్త గుస్తావ్ మాలర్ భార్య ఆల్మాతో ప్రేమలో పడ్డారు. ఆమెకు రాసిన ఉత్తరం మీద భర్త పేరు రాసి పంపిన పొరపాటు యూరప్ కళాచరిత్రలో ఇప్పటికీ చెప్పుకునే విషయం. మాలర్ మరణించిన నాలుగేళ్లకు, 1915లో వారి వివాహం జరిగింది, 1920లో ముగిసింది. వారి కుమార్తె మానోన్ పోలియో బారినపడి 18 ఏళ్లకే, 1935లో కన్నుమూసింది. ఆల్బన్ బెర్గ్ వయొలిన్ కచేరీ ఆ అమ్మాయి స్మృతికే అంకితం.

మొదటి ప్రపంచ యుద్ధం గ్రోపియస్‌ను మార్చివేసింది. అశ్వికదళ అధికారిగా పశ్చిమ రంగంలో పోరాడి పతకాలు పొందిన ఆయన, యుద్ధం చివరి ఏడాది కూలిన భవన శిథిలాల కింద చిక్కుకుని ప్రాణాలతో బయటపడ్డారు. యంత్రాన్ని ఆరాధించిన తరానికి యంత్రం ఏమి చేయగలదో కందకాల్లో తెలిసింది. తిరిగి వచ్చినప్పుడు ఆయన మాటల్లో కర్మాగారం స్థానంలో మధ్యయుగపు దేవాలయ శిల్పుల బృందాలు కనిపించాయి.

వైమార్: ఆకలి, ఆదర్శం

1919 ఏప్రిల్‌లో వైమార్‌లోని లలితకళల అకాడమీనీ, చేతివృత్తుల పాఠశాలనూ కలిపి ఆయన కొత్త విద్యాలయాన్ని ప్రారంభించారు. యుద్ధకాలంలో జర్మనీని వీడవలసి వచ్చిన బెల్జియన్ వాస్తుశిల్పి హెన్రీ వాన్ డె వెల్డె సూచించిన పేర్లలో ఆయనది ఒకటి. ఇంటి నిర్మాణం అనే అర్థమిచ్చే జర్మన్ సమాసాన్ని తిరగేసి బౌహౌస్ అనే కొత్త పేరు పుట్టించారు. చిత్రకారుడికీ వృత్తి పనివాడికీ మధ్య ఉన్న అంతస్తుల తేడా పోవాలని, కళలన్నీ కట్టడం నీడలో ఒక్కటి కావాలని ఆయన ప్రకటన సారాంశం. ఆచార్యులు, విద్యార్థులు అన్న పదాలు తీసేసి మేస్త్రీలు, పనివాళ్లు, శిష్యులు అన్న పాత వృత్తిసంఘాల పదాలు ప్రవేశపెట్టారు.

బోధన పద్ధతి నిజంగా కొత్తది. చేరిన ప్రతి విద్యార్థీ మొదట ఒక ప్రాథమిక కోర్సు పూర్తి చేయాలి. పాత చిత్రాలకు నకళ్లు తీయడం అందులో ఉండదు. కొయ్య, గాజు, ఉన్ని, రాయి, లోహం చేత్తో తాకి, వాటి స్వభావం తెలుసుకోవాలి. ఆ తర్వాత కుండలు, నేత, లోహం, వడ్రంగం, గోడచిత్రాలు, అచ్చు మొదలైన ఏదో ఒక కర్మశాలలో చేరాలి. ఒక్కో కర్మశాలకు ఇద్దరు గురువులు: రూపం నేర్పే కళాకారుడు ఒకరు, పని నేర్పే వృత్తి నిపుణుడు మరొకరు. యోహానెస్ ఇట్టెన్, లియోనెల్ ఫైనింగర్, పాల్ క్లే, వసిలీ కాండిన్స్కీ, ఆస్కర్ ష్లెమ్మర్ వంటివారిని ఒకే కప్పు కిందకు తేవడం గ్రోపియస్ సాధించిన అసలు ఘనకార్యం. తాను గీయలేకపోయినా గీయగలవారిని గుర్తించే చూపు ఆయనకుంది. వారి మధ్య తగవులు తీర్చే ఓర్పు కూడా ఉంది. తలలు గొరిగించుకుని, శాకాహార నియమాలతో ఒక కొత్త మతశాఖను ఇట్టెన్ విద్యార్థుల్లో వ్యాపింపజేసినప్పుడు ఆ ఓర్పుకు గట్టి పరీక్ష ఎదురైంది. చివరికి 1923లో ఇట్టెన్ వెళ్లిపోయారు.

ఓడిన దేశంలో ఆకలి రాజ్యమేలుతున్న కాలమది. విద్యార్థులు భోజనశాల కోసం కూరగాయలు పండించుకున్నారు. కరెన్సీ విలువ పూర్తిగా పడిపోయిన 1923లో తురింగియా రాష్ట్రం కోసం లక్షల మార్కుల నోట్ల రూపకల్పన చేసినది బౌహౌస్ విద్యార్థి హెర్బర్ట్ బాయరే.

ఇక్కడ ఒక విషయం దాటవేయకూడదు. కొత్త జర్మన్ రాజ్యాంగం స్త్రీపురుష సమానత్వం ప్రకటించిన ఏడాదే బౌహౌస్ తలుపులు తెరిచింది. మొదటి సెమిస్టరులో పురుషుల కంటే స్త్రీలే ఎక్కువగా చేరారు. తేడా చూపబోమని మొదట్లో హామీ ఇచ్చిన గ్రోపియస్, స్త్రీల సంఖ్య పెరిగితే సంస్థ గౌరవం తగ్గుతుందని భయపడ్డారు. 1920 నుంచి వారి ప్రవేశాలను కట్టడి చేసి, చేరినవారిలో అత్యధికులను నేత కర్మశాలకు మళ్లించారు. మగ్గాన్ని ఆడవారి పనిగా భావించడం మన చేనేత గ్రామాల వారికి వింతగా తోచవచ్చు. పోచంపల్లిలోనూ చీరాలలోనూ మగ్గం మీద ఎక్కువగా మగవారే కూర్చుంటారు, ఆసు పోయడం, కండెలు చుట్టడం స్త్రీలది. ఏ పని ఎవరిదన్న నియమం ఎంత కృత్రిమమో ఈ పోలికే చెబుతుంది. అయితే తోసివేసిన ఆ మూలనే గుంటా స్టోల్జల్, ఆనీ ఆల్బర్స్, ఒట్టి బెర్గర్ వంటివారు వస్త్రాన్ని ఆధునిక కళగా మార్చారు. వ్యాపారపరంగా బౌహౌస్‌కు విజయం తెచ్చిన కర్మశాలల్లో నేత ఒకటి. మరియాన్నె బ్రాంట్ మాత్రం పట్టుపట్టి లోహ కర్మశాలలో చేరారు. ఆమె చేసిన చిన్న తేనీటి పాత్ర నేడు మ్యూజియంలు పోటీపడి దాచుకునే వస్తువు.

రాజకీయాలకు విద్యాలయంలో చోటు లేదని గ్రోపియస్ ఆంక్ష విధించారు. రాజకీయాలు మాత్రం విద్యాలయాన్ని వదల్లేదు. 1923లో సైనికులు ఆయన ఇంటిని సోదా చేశారు. 1924లో తురింగియాలో మితవాద ప్రభుత్వం వచ్చి నిధులను సగానికి తగ్గించింది. వైమార్‌లో బౌహౌస్ కథ ముగిసింది.

డెసావ్: గాజు గోడ

ఉదారవాది అయిన మేయర్ ఫ్రిట్జ్ హెస్సె ఆహ్వానంతో విద్యాలయం పారిశ్రామిక పట్టణమైన డెసావ్‌కు తరలింది. 1926 డిసెంబరు 4న ప్రారంభమైన కొత్త భవనం బౌహౌస్ పేరు చెబితే మనసులో మెదిలే రూపం. కర్మశాలల విభాగానికి మూడంతస్తుల గాజు తెర, వీధి మీదుగా సాగే వంతెనలో కార్యాలయం, బాల్కనీలున్న 28 విద్యార్థి గదులు. ముందు నిలబడి చూస్తే మొత్తం కనిపించదు, చుట్టూ తిరిగితేనే అర్థమవుతుంది. అయితే ఆ గాజు గోడ వెనక పనిచేసినవారు వేసవిలో ఉడికిపోయారు, చలికాలంలో వణికిపోయారు. పట్టణ శివార్లలోని టోర్టెన్‌లో కార్మికుల కోసం గ్రోపియస్ 314 ఇళ్లు కట్టించారు. భాగాలను అక్కడే వరుసగా పోతపోసి, రైలు పట్టాల మీద తరలించి, వేగంగా అమర్చారు. 1910 నాటి కల అలా నిజమైంది. నివాసులు మాత్రం చాలా ఎత్తున పెట్టిన కిటికీలు నచ్చక వాటిని మార్చుకున్నారు.

ఈ దశలో వైమార్ నాటి వృత్తిసంఘ ఆదర్శం వెనక్కి వెళ్లి, కర్మాగారానికి నమూనాలు అందించడమే లక్ష్యమైంది. హంగేరీ నుంచి వచ్చిన లాస్లో మొహోలీ-నాగ్ ఈ మలుపుకు దన్నుగా నిలిచారు. ఆయన భార్య లూసియా మొహోలీ జీతం లేకుండానే భవనాలనూ వస్తువులనూ ఫొటోలు తీశారు. ప్రపంచం బౌహౌస్‌ను చూసింది చాలావరకు ఆమె కెమెరా ద్వారానే.

ఒక వైరుధ్యం చూడండి. కళలన్నీ కట్టడంలో ఐక్యం కావాలని మొదలైన ఈ విద్యాలయంలో వాస్తుశిల్ప విభాగం 1927 దాకా ఏర్పడలేదు. దానికి అధిపతిగా వచ్చిన స్విట్జర్లాండ్ వాస్తుశిల్పి హానెస్ మేయర్‌కే మరుసటి ఏడాది పగ్గాలు అప్పగించి గ్రోపియస్ తప్పుకున్నారు. విలాస వస్తువుల కంటే ప్రజల అవసరాలు ముఖ్యమన్న మేయర్ రెండేళ్లలో విద్యార్థులకు నిజమైన నిర్మాణ పనులు తెచ్చారు. చవకైన గోడకాగితాలతో సంస్థకు ఆదాయం వచ్చింది. వామపక్ష భావాల కారణంగా 1930లో నగరపాలక సంస్థ ఆయన్ను తొలగించింది. తర్వాత వచ్చిన మీస్ వాన్ డెర్ రో కాలంలో, 1932లో నాజీల ఆధిక్యం ఉన్న డెసావ్ పురపాలక సభ బౌహౌస్‌ను మూసివేసింది. బెర్లిన్‌లో పాత టెలిఫోన్ కర్మాగారంలో తిరిగి తెరిస్తే, 1933 ఏప్రిల్ 11న పోలీసులు వచ్చి తాళం వేశారు. జూలైలో అధ్యాపకులే దాన్ని రద్దు చేస్తూ తీర్మానించారు.

నాజీల కాలంలో గ్రోపియస్ ప్రవర్తన ఆయన అభిమానులకు ఇబ్బంది కలిగించే అధ్యాయం. ఆయన నాజీ కాదు. అయినా 1933లో రైష్‌బ్యాంక్ భవన పోటీలో పాల్గొన్నారు, మరుసటి ఏడాది ప్రభుత్వ ప్రచార ప్రదర్శన ఒకదానిలో ఒక విభాగం రూపొందించారు. ఆధునిక వాస్తుశిల్పం జర్మనీ సొంత సంపదేనని అధికారులకు నచ్చజెప్పడానికి లేఖలు రాశారు. ఫలితం లేక 1934లో ఇంగ్లండ్ చేరారు. బౌహౌస్‌లో చదివినవారి దారులు ఎలా చీలిపోయాయో చూస్తే గుండె బరువెక్కుతుంది. వైమార్‌లో ఇట్టెన్ దగ్గర నేర్చిన ఫ్రీడల్ డికర్-బ్రాండైస్, టెరెజిన్ నిర్బంధ శిబిరంలో పిల్లలకు అదే పద్ధతిలో బొమ్మలు నేర్పారు. 1944లో ఆష్‌విట్జ్‌కు తరలించే ముందు ఆ బొమ్మలను సూట్‌కేసుల్లో దాచి వెళ్లారు. అవి మిగిలాయి, ఆమె మిగల్లేదు. ఒట్టి బెర్గర్ కూడా అక్కడే బలయ్యారు. అదే ఆష్‌విట్జ్ నిర్మాణ కార్యాలయంలో నమూనాలు గీసినవారిలో డెసావ్‌లో చదివిన ఫ్రిట్జ్ ఎర్ట్‌ల్ ఒకరు. కమ్యూనిస్టుగా ఖైదైన మరో పూర్వ విద్యార్థి ఫ్రాంజ్ ఎర్లిష్ చేత బుహెన్‌వాల్డ్ శిబిరం ద్వారం మీది అక్షరాలను రూపొందింపజేశారు. ఆయన వాటిని బౌహౌస్ శైలిలోనే తీర్చిదిద్దారు, కాపలాదారులు గుర్తుపట్టలేదు. రాజకీయం వద్దన్నంత మాత్రాన గీతకు రాజకీయం అంటకుండా పోదు.

అమెరికా, ఆపై భారతదేశం

1937లో గ్రోపియస్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, మరుసటి ఏడాది వాస్తుశిల్ప విభాగానికి అధిపతి అయ్యారు. 1938లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం బౌహౌస్ మీద పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఆ ప్రదర్శన 1919తో మొదలై 1928తో, అంటే గ్రోపియస్ నిష్క్రమణతో ముగుస్తుంది. దాని గ్రంథానికి సంపాదకులు ఆయన, భార్య ఈజె, శిష్యుడు బాయర్. మేయర్, మీస్‌ల ఐదేళ్లు ప్రదర్శనలో లేవు. అమెరికా ఎంతోకాలం నమ్మిన బౌహౌస్ చరిత్ర అదే. ఆ గ్రంథంలోని ఫొటోల్లో అనేకం లూసియా మొహోలీవి, పేరు మాత్రం లేదు. 1933లో జర్మనీ నుంచి పారిపోతూ ఆమె వదిలివెళ్లిన వందలాది గాజు నెగెటివ్‌లు గ్రోపియస్ దగ్గరకు చేరాయి. అవి నాశనమయ్యాయనే ఆమె అనుకున్నారు. నిజం తెలిసిన తర్వాత న్యాయవాది సాయంతో ఏళ్ల తరబడి పోరాడితే 1957లో కొన్ని తిరిగొచ్చాయి, అన్నీ రాలేదు. సమష్టి కృషిని అంతగా ప్రబోధించిన మనిషి పక్కనున్నవారి పేరు రాయడం దగ్గర ఇంత చిన్న మనసు చూపడం ఎందుకో అంతుపట్టదు.

హార్వర్డ్‌లో ఆయన శిష్యుల్లో ఐ.ఎం.పే, ఫిలిప్ జాన్సన్ వంటివారున్నారు. భారత ప్రభుత్వ ఉపకారవేతనంపై వెళ్లిన అచ్యుత్ కన్విందే కూడా ఉన్నారు. స్వతంత్ర భారత ప్రయోగశాలలకు, విద్యాసంస్థలకు రూపమిచ్చిన కన్విందే పనుల్లో కాన్పూర్ ఐఐటీ ప్రసిద్ధం. అమెరికాలోనే చదివి, గ్రోపియస్ కార్యాలయంలో అనుభవం గడించిన హబీబ్ రెహ్మాన్, బరాక్‌పూర్‌లో గాంధీ ఘాట్ నిర్మించి నెహ్రూ దృష్టిలో పడ్డారు. ఢిల్లీలోని రవీంద్ర భవన్ ఆయనదే. లండన్‌లో గ్రోపియస్‌కు భాగస్వామిగా ఉన్న మాక్స్‌వెల్ ఫ్రై, భార్య జేన్ డ్రూతో కలిసి చండీగఢ్‌లో ఇళ్లు, పాఠశాలలు కట్టారు.

నిజానికి బౌహౌస్ భారతదేశానికి అంతకన్నా ముందే వచ్చింది. శాంతినికేతన్‌లో బోధిస్తున్న కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్‌రిష్ ఇట్టెన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపారు. ఫలితంగా 1922 డిసెంబరులో కలకత్తాలో క్లే, కాండిన్స్కీ, ఫైనింగర్‌ల చిత్రాలు అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్, నందలాల్ బోస్ తదితరుల చిత్రాల పక్కన ప్రదర్శితమయ్యాయి. వైమార్‌లో బౌహౌస్ మొదలైన 1919లోనే శాంతినికేతన్‌లో కళాభవన్ కూడా మొదలైంది. ఒకదాన్ని చూసి ఒకటి పుట్టలేదు. కళను వృత్తి పనులకు దగ్గర చేయాలన్న ఆలోచన రెండుచోట్లా విడివిడిగా మొలకెత్తింది.

1961లో అహ్మదాబాద్‌లో ఏర్పడిన జాతీయ డిజైన్ సంస్థకు బౌహౌస్ ప్రభావం ఇంకో దారిలో చేరింది. బౌహౌస్ పూర్వ విద్యార్థి మాక్స్ బిల్ తొలి సంచాలకుడిగా ఉన్న జర్మనీలోని ఉల్మ్ విద్యాలయం ఆ దారి. 2015లో గుంటూరు దగ్గర నాగార్జున నగర్‌లో మొదలైన ఆంధ్రప్రదేశ్ శాఖలోనూ మొదటి ఏడాది విద్యార్థి పదార్థాలను తాకి, మడిచి, విరిచి నేర్చుకుంటున్నాడంటే ఆ పద్ధతి వేళ్లు వైమార్‌లో కూడా ఉన్నాయి. డెసావ్ గాజు గోడ వేడి పాఠాన్ని మాత్రం మనం నేర్వలేదు. హైదరాబాద్ పశ్చిమాన వరుసకట్టిన గాజు భవనాల ఏసీ యంత్రాలే అందుకు సాక్ష్యం.

1945లో యువ వాస్తుశిల్పులతో కలిసి సహకార పద్ధతిలో ఒక కార్యాలయం స్థాపించి, గ్రోపియస్ చివరిదాకా అందులోనే పనిచేశారు. కాన్రాడ్ వాక్స్‌మన్‌తో కలిసి కర్మాగారంలో తయారుచేసే ఇంటి భాగాలను మార్కెట్లోకి తెచ్చే ప్రయత్నం చేశారు, అది విఫలమైంది. 1963లో న్యూయార్క్ నడిబొడ్డున లేచిన పానామ్ భవనం వీధి చూపునే మూసేసిందన్న నింద మోశారు. పశ్చిమ బెర్లిన్‌లో ఆయన రచించిన గృహ సముదాయ ప్రణాళికను, బెర్లిన్ గోడ వచ్చాక స్థలం కరవై, మరింత ఎత్తుకు, మరింత ఇరుకుగా మార్చేశారు. దానికి నేడు ఆయన పేరే ఉంది.

1969 జూలై 5న బోస్టన్‌లో తన 86వ ఏట గ్రోపియస్ కన్నుమూశారు. యుద్ధంలో బాంబుల దెబ్బతిన్న డెసావ్ భవనం అప్పటికి తూర్పు జర్మనీలో ఉంది. 1976లో దాన్ని పునరుద్ధరించారు, 1996లో యునెస్కో జాబితాలో చేరింది. తన మరణానంతరం సంతాప దుస్తులు వద్దని, బౌహౌస్ పాత రోజుల్లో మాదిరిగా అందరూ చేరి తాగి, నవ్వి, వేడుక చేసుకోవాలని ఆయన ముందే రాసిపెట్టి ఉంచారు.